కిలోమీటరుకి ఎంత మిగులుతుంది?

ఒడిశాలోని బరంపురంలో ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య జరిగిన వాదం ఇది. బావ పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తారు. కొడుకుని విశాఖపట్నంలో హాస్టల్లో ఉంచి ఇంటర్ చదివిస్తున్నారు. ఆ ఫీజుకి జీతం చాలడం లేదు. సాయంత్రం పూట బైక్ మీద ఫుడ్ డెలివరీ చేసి నాలుగు డబ్బులు సంపాదిద్దామని ఆయన ఉద్దేశం. బావమరిది గేట్ బజార్ దగ్గర బైక్ మెకానిక్. అతను వద్దంటాడు. మనుషులు కల్పితం. వీధులు, చట్టాలు నిజమైనవి. ఆర్డర్ల సంఖ్య, రేటు మాత్రం ఇద్దరూ వాదం కోసం అనుకున్నవే. మీ ఊళ్ళో వేరుగా ఉండొచ్చు.

బావ: ఆరింటికల్లా కొట్టు నుంచి బయటపడతాను. ఇంటికొచ్చి చేసేదేముంది? టీవీ చూడ్డం, తినడం, పడుకోవడం. ఏడు నుంచి పదకొండు దాకా ఆ నాలుగు గంటలూ అమ్ముకుంటే తప్పేంట్రా? పైసా పెట్టుబడి లేదు. బండి ఉంది, లైసెన్సు ఉంది, ఫోనుంది. ఆధార్, పాన్, ఆర్సీ, బ్యాంకు ఖాతా చూపిస్తే చేర్చుకుంటారు.

బావమరిది: పెట్టుబడి లేదన్నారు చూడండి, అక్కడే ఆగుదాం బావా. బండి పెట్టుబడి కాదా? నా షెడ్డుకొచ్చే బళ్ళలో డెలివరీ బండి ఏదో నేను దూరం నుంచే చెప్పేస్తాను. వెనక టైరు నున్నగా అరిగిపోయి ఉంటుంది. చైను వదులై మోగుతుంటుంది. బ్రేకు షూ అయిపోయి ఇనుముకి ఇనుము రాసుకుంటుంది. సందుల్లో ఆగడం, లాగడం, మళ్ళీ ఆగడం. దాంతో క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. నిరుడు కొన్నాను అంటాడు కుర్రాడు. మీటరు చూస్తే మీ పదేళ్ళ బండి కన్నా ఎక్కువ తిరిగి ఉంటుంది.

బావ: లెక్కలు రాసేవాణ్ణి, నాకు చెబుతున్నావా? విను. సాయంత్రానికి ఎనిమిది ఆర్డర్లు అనుకుందాం. ఒక్కోదానికి సగటున 35 రూపాయలు. అంటే 280. టార్గెట్ దాటితే ఇన్సెంటివ్ 60 వేసుకో. మొత్తం 340. ఆర్డరుకి ఐదు కిలోమీటర్లు చొప్పున 40 కిలోమీటర్లు. లీటరుకి 45 ఇస్తుంది నా బండి. పెట్రోలు లీటరు వంద దాటింది కాబట్టి 90 రూపాయలు పోతుంది. చేతికి 250. నెలకి 26 సాయంత్రాలంటే 6,500. హాస్టలు ఫీజులో పెద్ద ముక్క అది.

బావమరిది: కస్టమరు ఇంటి గేటు దగ్గరే పడుకుంటారా మీరు?

బావ: అదేం ప్రశ్న?

బావమరిది: వెనక్కి రావాలి కదా. మీరు నిలబడ్డ చోటు నుంచి హోటలుకి కిలోమీటరున్నర. హోటలు నుంచి ఇంటికి నాలుగు. మళ్ళీ హోటళ్ళు ఉన్న చోటుకి రావడం రెండున్నర. ఆ రెండున్నరకీ డబ్బులు ఎవరిస్తారు? ఆర్డరుకి ఐదు కాదు, ఎనిమిది. ఎనిమిది ఎనిమిదులు 64 కిలోమీటర్లు. పెట్రోలే 144 అయింది. ఇంజిన్ ఆయిల్, టైర్లు, చైన్ సెట్టు, బ్రేకులు అన్నీ కలిపి కిలోమీటరుకి అర్ధ రూపాయి. బండి విలువ తరగడం ఇంకో అర్ధ రూపాయి. అదొక 64. మీ 340లో 208 పోయింది. మిగిలింది 132. నాలుగు గంటలకి! గంటకి 33 రూపాయలు.

(ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇద్దరి రాబడీ ఒకటే, తేడా అంతా తిరుగు ప్రయాణంలోనూ, బండి అరుగుదల ఖర్చులోనూ ఉంది. కొత్తగా చేరేవాళ్ళు చాలామంది గంటకెంత అని అడుగుతారు. అడగాల్సింది కిలోమీటరుకి ఎంత అని. బావ అకౌంటెంటు అయ్యుండి తరుగుదల మరిచిపోవడం కొంచెం విడ్డూరమే.)

బావ: ప్రతి ఆర్డరూ ఊరవతలకే ఎందుకుంటుంది? గాంధీనగర్ నుంచి కోర్టుపేటకి ఎంత దూరం? మెడికల్ కాలేజీ హాస్టళ్ళున్నాయి. రాత్రి పదింటికి కూడా ఆర్డర్లు పెడుతూనే ఉంటారు ఆ పిల్లలు. ఒక్క గేటు దగ్గర మూడు పార్సిళ్ళు ఇచ్చి రావచ్చు. హల్దియాపదర్ బస్టాండు వైపో, భంజ విహార్ యూనివర్సిటీ వైపో వస్తే వద్దంటాను.

బావమరిది: ఎన్నిసార్లు వద్దంటారు? కాదన్న ఆర్డర్లు ఎక్కువైతే ఇన్సెంటివ్ రాదు. మీ లెక్కలో ఆ 60 రూపాయలు ఎగిరిపోతాయి. ఇష్టమైన రోజు చేస్తాను, లేని రోజు మానేస్తాను అనుకుంటున్నారేమో. యాప్ డబ్బులు ఎక్కువిచ్చేది ఎప్పుడు? శనాదివారాలు, పండగలు, వాన. దసరా రాత్రి అక్కా పిల్లాడూ మీకోసం ఎదురు చూస్తుంటే మీరు ఎవరికో బిర్యానీ పట్టుకెళ్తుంటారు. వానలో నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తారు, నిజమే. రోడ్డు జారేది కూడా వానలోనే. అక్టోబరు వచ్చిందంటే మన తీరం సంగతి మీకు చెప్పాలా? 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ వచ్చింది.

బావ: తుఫాను రోజు బండి తీస్తానని నీకెవరన్నారు? గోరంతలు కొండంతలు చేయకు.

బావమరిది: సరే, తుఫాను వదిలేద్దాం. గురువారం సంగతేంటి? ఇక్కడ చాలా ఒడియా ఇళ్ళల్లో గురువారం నీచు ముట్టరు. మార్గశిర గురువారాలైతే మరీనూ. ఇక కార్తీకం చూడండి. వాళ్ళకి కార్తీకం ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడే మొదలవుతుంది. మనకి దీపావళి అమావాస్య తరవాత. వాళ్ళది పౌర్ణమికి అయిపోతే మనది ఇంకో పదిహేను రోజులుంటుంది. రెండూ కలిపితే నెలా పదిహేను రోజులు ఈ ఊళ్ళో బిర్యానీ బేరం పల్చగానే ఉంటుంది. మీ 26 సాయంత్రాల లెక్కలో ఇది ఉందా?

బావ: (నవ్వి) లేదు. కానీ ఆ రోజుల్లో పనీరు తింటారు, దోసెలు తింటారు. ఉపవాసాలు కాదుగా. పైగా వాళ్ళ కార్తీకం అయిన మర్నాడు ఛాడఖాయి అని ఊరంతా మాంసం మీద పడుతుంది.

బావమరిది: ఆ రోజు ఇంట్లోనే వండుకుంటారు బావా. మటన్ కొట్టు ముందు క్యూ ఉంటుంది, హోటల్ ముందు కాదు.

బావ: సరే, పోయింది ఆ పాయింటు. ఇది చెప్పు. మన గంజాం జిల్లా కుర్రాళ్ళు ఎన్ని వేలమంది సూరత్‌లో ఉన్నారు? పవర్‌లూమ్‌ల మధ్య పన్నెండు గంటలు నిలబడి, ఆ చప్పుడుకి చెవులు పోగొట్టుకుని, ఒక్క గదిలో వంతులవారీగా పడుకుంటారు. దానికన్నా సొంత ఊళ్ళో, సొంత బండి మీద, రాత్రికి ఇంటికొచ్చి పడుకోవడం మేలు కాదా?

బావమరిది: వాళ్ళకి మేలే. పాతికేళ్ళ కుర్రాడు వేరే దారి లేక చేస్తే నేనేమీ అనను. మీకు నలభై ఐదు. పగలంతా కుర్చీలో వంగి రాస్తారు. రాత్రి నాలుగు గంటలు మన రోడ్ల మీద గుంతల్లో నడుం అదిరితే డాక్టరు ఫీజు ఏ ఖాతాలో రాస్తారు? మీ చేతిలో చదువుంది. జీఎస్టీ రిటర్నులు వేయడం వచ్చు. అప్పడాలు, పచ్చళ్ళు చేసేవాళ్ళు ఈ ఊళ్ళో వీధికొకరున్నారు. ఇద్దరు ముగ్గురికి సాయంత్రం లెక్కలు చూసిపెడితే ఫ్యాను కింద కూర్చుని అంతే సంపాదిస్తారు.

బావ: ఆ మాట వస్తుందని తెలుసు. చేసి చూశాను కాబట్టే ఇటు వస్తున్నాను. పని అయ్యాక డబ్బులడిగితే ఏమంటారో తెలుసా? “మీరు మన మనిషి కదండీ, ఎక్కడికి పోతాయి” అంటారు. ఉగాదికి ఇస్తానంటారు, తరవాత దసరా అంటారు. చివరికి ఒక సంచిలో రెండు కిలోల అప్పడాలు పెట్టి పంపుతారు. అడిగితే చుట్టరికం చెడుతుంది, అడక్కపోతే పిల్లాడి ఫీజు ఆగుతుంది. యాప్‌కి నాతో చుట్టరికం లేదు. వారం తిరిగేసరికి ఖాతాలో పడుతుంది. ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. నా వయసువాడికి అదెంత ఊరటో నీకు తెలీదు.

(దీనికి బావమరిది దగ్గర సమాధానం లేదు. నాకూ తోచలేదు.)

బావమరిది: ఆ డెలివరీ సంచి వీపున వేసుకుని కొట్టు కస్టమర్ల ఇళ్ళకే వెళ్ళాల్సి వస్తే? పొద్దున చీర బిల్లు రాసిన చేత్తోనే సాయంత్రం పార్సిల్...

బావ: హెల్మెట్ ఉంటుంది. గుర్తుపట్టినా సిగ్గేం లేదు. అప్పు అడగడం కన్నా నయం. ఇంకో సంగతి విను. ఇదేమీ దిక్కూమొక్కూ లేని పని కాదిప్పుడు. పార్లమెంటు 2020లో సామాజిక భద్రతా కోడ్ చేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. జీతం కాకుండా పనికింత అని చేసేవాళ్ళని గిగ్ వర్కర్లనీ, యాప్ ద్వారా చేసేవాళ్ళని ప్లాట్‌ఫామ్ వర్కర్లనీ చట్టంలో మొదటిసారి రాశారు. కంపెనీలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వీళ్ళ సంక్షేమ నిధికి కట్టాలి. నీతి ఆయోగ్ 2022లో చెప్పిన లెక్క ప్రకారం 2020-21 నాటికే దేశంలో ఇలాంటివాళ్ళు 77 లక్షలమంది. 2029-30కి 2 కోట్ల 35 లక్షలవుతారట. ఇంతమందిని ఏ ప్రభుత్వమైనా గాలికి వదిలేస్తుందా?

బావమరిది: ఆ వార్త నేనూ చదివాను. వర్కర్లకి ఇచ్చే మొత్తంలో ఐదు శాతానికి మించి కట్టక్కర్లేదని కూడా దాంట్లోనే ఉంది. ఆ నిధి బీమాకీ, వైద్యానికీ, ముసలితనానికీ. మంచిదే, కాదనను. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్లో పేరు రాయించుకోండి, పోయేదేం లేదు. కానీ అదే చట్టం మిమ్మల్ని యజమానీ-ఉద్యోగీ సంబంధం బయట నిలబెట్టింది. కనీస వేతనం లేదు, పీఎఫ్ లేదు. హోటల్లో అరగంట నిలబెడితే ఆ అరగంట మీదే. కంపెనీ కాగితాల్లో మీరు కూలీ కాదు బావా, ఒక చిన్న వ్యాపారం. అందుకే బండీ మీదే, పెట్రోలూ మీదే.

బావ: వ్యాపారమైతే వ్యాపారంలాగే చేస్తాను.

బావమరిది: అయితే వ్యాపారి చూడాల్సిన కాగితం ఒకటుంది. మీ బండి ఇన్సూరెన్సు పాలసీ తీసి, వాడకం మీద పరిమితులు అన్న చోట చదవండి. సొంతానికి వాడుకునే బండి పాలసీలో, కిరాయికి తిప్పితే, సరుకు మోస్తే వర్తించదని ఉంటుంది. డెలివరీ మీదుండగా బండి నుజ్జయితే క్లెయిమ్ ఇవ్వబోమనొచ్చు. అంతకన్నా టెన్షన్ పెట్టేది ఇంకోటుంది. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ముందు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కట్టి, పాలసీ షరతు మీరారు కాబట్టి ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అలాంటిది ఒక్కటి తగిలితే పిల్లాడి ఫీజు కాదు, ఇల్లే తాకట్టు పెట్టాలి.

బావ: యాప్ వాళ్ళే ప్రమాద బీమా ఇస్తారటగా?

బావమరిది: మీ ఒంటికి ఇస్తారు, డ్యూటీలో ఉన్నంతసేపు. మీ బండికి కాదు, మీరు గుద్దినవాడికీ కాదు.

(బావ కాసేపు మాట్లాడలేదు. ఈ వాదం మొత్తంలో బరువైనది ఇదే అని నా ఉద్దేశం. పెట్రోలు లెక్క తప్పితే నెలకి రెండు మూడు వేలు తేడా వస్తుంది, ఇది తప్పితే కోలుకోవడం కష్టం. చేరేముందు ఇన్సూరెన్సు ఏజెంటుని ఈ ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి. నోటి మాట పనికిరాదు.)

బావ: ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుంటే? ఇంట్లో ఛార్జింగ్ పెడితే కిలోమీటరుకి పావలా కూడా అవ్వదంటున్నారు. 250 వాట్ల లోపు మోటారు, పాతిక స్పీడు దాటని బండికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు. నీ బేరం పోతుందని చెప్పట్లేదు కదా?

బావమరిది: పోతే పోనివ్వండి. లెక్క మాత్రం నిజమే, ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ పాతిక స్పీడులో ఎనిమిది ఆర్డర్లు అవ్వవు. స్పీడు బండికి లక్ష పెట్టాలి. సాయంత్రం సంపాదన కోసం లక్ష అప్పు చేస్తే, ఇక మానేద్దామన్నా ఈఎంఐ మాననివ్వదు. రెండేళ్ళే చేస్తానన్నారు కదా, పిల్లాడి ఇంటర్ అయ్యేదాకా?

బావ: రెండేళ్ళే. ఒక రోజు ఎక్కువ చేయను. కొత్త బండీ కొనను. శుక్ర, శని, ఆది, మూడు సాయంత్రాలే. ఊరి మధ్యే తిరుగుతాను. ఇన్సెంటివ్ కోసం పరుగెత్తను, దాన్ని లెక్కలో వేసుకోను కూడా. ముందు ఇన్సూరెన్సు సంగతి తేల్చుకుంటాను. బయల్దేరేటప్పుడు మీటరు, వచ్చాక మీటరు పుస్తకంలో రాస్తాను. మూడు నెలలయ్యాక కిలోమీటరుకి ఐదు రూపాయలు మిగలకపోతే ఆపేస్తాను.

బావమరిది: మిగలవు.

బావ: మిగిలితే?

బావమరిది: మిగిలితే మంచిదే. నేను ఒప్పుకున్నట్టు కాదు, అక్కతో మాత్రం మీరే చెప్పుకోండి. రేపు బండి తీసుకురండి, బ్రేకులు చూస్తాను. వెనక టైరు మార్చాలి. లేబర్ ఛార్జి వేస్తాను.

బావ: సొంత బావ దగ్గర డబ్బులు తీసుకుంటావట్రా?

బావమరిది: ఇన్నాళ్ళూ తీసుకున్నానా? ఇప్పుడు తీసుకోకపోతే మీ పుస్తకంలో నా చాకిరీ కూడా లాభం కిందే కనపడుతుంది.