ఔటింగ్ ఆదివారం అడగాల్సిన మొదటి మాట

హైదరాబాద్ శివార్లలోనో విజయవాడ చుట్టుపక్కలో ఏ రెసిడెన్షియల్ జూనియర్ కళాశాల ముందైనా, తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని కలిసే ఔటింగ్ ఆదివారం కాసేపు నిలబడి చూడండి. తల్లి చెట్టు కింద దుప్పటి పరిచి, క్యారియర్ విప్పి పులిహోర పెడుతుంటుంది. తండ్రి ఫోన్‌లో వీకెండ్ టెస్టు మార్కుల మెసేజ్ తెరిచి, "ఫిజిక్స్‌లో ఎందుకు తగ్గాయిరా?" అంటాడు. పిల్లవాడు తలెత్తకుండా తింటాడు. ఇంకేమైనా చెప్పుకోవాలని వచ్చి ఉంటే, ఆ మాట ముద్దతోపాటు లోపలికే పోతుంది.

భయం ఉన్న ఇంట్లో పిల్లలు అన్నిటికంటే ముందు దాచిపెట్టడం నేర్చుకుంటారు. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తానే పెట్టుకున్న పిల్లవాడు, ఆ తర్వాత హాస్టల్లో జరిగే వేధింపునూ, నిద్రపట్టని రాత్రులనూ, చివరకు బతకాలని లేదన్న ఆలోచననూ అదే నేర్పుతో దాచగలడు. కఠినంగా పెంచితే అన్నీ తమ అదుపులో ఉంటాయనుకునే తల్లిదండ్రులకే పిల్లల సంగతి అందరికంటే ఆలస్యంగా తెలుస్తుంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగు పేపర్లో 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి మెమోలో సున్నా పడిందని ఆ తర్వాత తేలింది. తప్పు బోర్డుది, సందేహం లేదు. కానీ "నేను బాగా రాశాను, మెమో తప్పు" అని బిడ్డ అంటే వెంటనే నమ్మే ఇళ్లు మన మధ్య ఎన్ని ఉన్నాయి?

'దండం దశగుణం భవేత్' అనేవారూ, మా నాన్న బెల్టు పట్టబట్టే ఇంజినీరునయ్యాననేవారూ ఉన్నారు. వారి కృతజ్ఞతను కాదనను. అయితే అదే బెల్టుకు చదువు మానేసిన తమ్ముడి గురించి కూడా వారు చెప్పాలి.

ఈ భయం తల్లిదండ్రులకూ ఊరికే పుట్టలేదు. ఐఐటీలన్నిటిలో కలిపి సీట్లు దాదాపు 18 వేలు. జేఈఈ మెయిన్ రాసేవారు 10 లక్షలకు పైమాటే. ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కళాశాలలను అధ్యాపకులు లేకుండా ఎండగట్టి, గౌరవంగా బతకడానికి ఒక్క ర్యాంకే దారి అన్నట్టు చేసిన ప్రభుత్వాలే, ఎకరం అమ్మి ఫీజు కట్టిన తండ్రి గొంతులో ఆ కరకుదనాన్ని నింపాయి. అసలు పోరాటం అక్కడే జరగాలన్నది నా వాదన.

ఈలోగా చేయగలిగినదీ ఉంది. విశాఖపట్నంలో 17 ఏళ్ల నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయవద్దన్నాయి. మితిమీరిన ఒత్తిడి పెట్టవద్దని తల్లిదండ్రులకు అవగాహన కల్పించే బాధ్యతనూ విద్యాసంస్థలపైనే ఉంచాయి. ఆ అవగాహన సమావేశాలకు వేరే తేదీ వెతకనక్కర్లేదు. ఔటింగ్ ఆదివారం తల్లిదండ్రులందరూ ఆ గేటు ముందే ఉంటారు. ఆ పూట మార్కుల మెసేజ్ ఆపి, "ఎలా ఉన్నావమ్మా, నిద్ర పడుతోందా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టమని వారికి చెబితే చాలు.