దొంగ నొప్పులని తేల్చేదెవరు?

ఏడో నెలలో నడుము లాగేస్తోంది, పొట్ట రాయిలా బిగుస్తోంది అని గర్భిణి చెబితే మన ఇళ్లలో వచ్చే మొదటి జవాబు ‘దొంగ నొప్పులమ్మా, కాసేపు పడుకుంటే పోతాయి’. ఇంట్లో పెద్దవాళ్లు తెలియక అన్నారనుకుందాం. ఆసుపత్రి గుమ్మంలో, బల్ల కూడా ఎక్కించకుండా అదే మాట చెప్పి పంపేయడాన్ని ఏమనాలి?

అవి నిజం నొప్పులైతే బిడ్డ నెలలు నిండకుండానే పుట్టేస్తుంది. అలా 37 వారాలు నిండకముందే పుట్టిన పిల్లలు 2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది. ప్రపంచంలో అలా పుట్టే ప్రతి ఐదుగురిలో ఒకరు మన బిడ్డే.

వచ్చేవాటిలో చాలావరకు దొంగ నొప్పులేనని, అందరూ పరుగెత్తుకొస్తే లేబర్ రూములు చాలవని సిబ్బంది అంటారు. కావచ్చు. కానీ దొంగవో కావో తేలేది పొట్టమీద చెయ్యి వేసి గడియారం చూసి, లోపలి పరీక్ష చేశాకే. ఫోన్లో తేలదు. ఆగాగి పొట్ట బిగుసుకోవడం, పడుకున్నా తగ్గని నడుంనొప్పి, కిందికి తోస్తున్నట్టుండటం, ఉమ్మనీరు కారడం, రక్తం మరక... ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఎందుకంటే ఇక్కడ గంటలే ముఖ్యం. కాన్పును ఆపడం ప్రతిసారీ కుదరదు. రెండు రోజులు వాయిదా వేయగలిగితే చాలు, 24 నుంచి 34 వారాల మధ్య తల్లికి ఇచ్చే డెక్సామెథసోన్ బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేస్తుంది. 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు, కొద్ది రూపాయల మందు. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) ఇవ్వొచ్చని కేంద్రం 2014లోనే చెప్పింది. ‘దొంగ నొప్పులు’ అన్న ఒక్క మాటతో ఆ రెండు రోజులూ గంగలో కలుస్తాయి. ఏ పీహెచ్‌సీలో ఆ మందు ఉంది, నిరుడు ఎందరికి ఇచ్చారు? రెండు తెలుగు ప్రభుత్వాలూ లెక్క బయటపెట్టాలి.

ముందు జాగ్రత్తా అంతంతమాత్రమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముందే పట్టుకుని మందు వాడితే ఒక ముప్పు తగ్గుతుంది. ఆ చిన్న పరీక్ష కూడా ఎన్నోచోట్ల మొక్కుబడే. పైగా ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే పాత మాటొకటి! కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు మేలే, ఎనిమిదో నెలకేమీ శాపం లేదు.

సీమంతానికి గాజులు తొడగడానికి ఊరంతా కదులుతుంది. అదే నెలలో ఆమె అర్ధరాత్రి నొప్పంటే ఆటో పిలిచేవాళ్లుండరు. ఎలాగో చేరుకుంటే అక్కడా అదే పాట. గర్భిణిని తిప్పి పంపిన ప్రతిసారీ ఎవరు చూశారు, ఏం చూశారు, ఎన్ని గంటలకు పంపారు అన్నది రాసి సంతకం పెట్టించాలి. సంతకం పెట్టాల్సి వస్తే ఆ మాట అంత తేలిగ్గా నోట రాదు.