ఎంత ఇచ్చారట?

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం చెన్నై వేపేరిలో, తమిళ క్రైస్తవ సంఘం వాళ్ల హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే తెలుగు ఆరాధనకు వెళ్లాను. నాకు తెలిసిన కుర్రాడొకడు సాక్ష్యం (తను ఎలా నమ్మాడో అందరి ముందు చెప్పుకోవడం) చెబుతున్నాను రమ్మంటే వెళ్లాను, లేకపోతే నేను గుడికీ చర్చికీ కూడా దూరమే. అతను కడప జిల్లా నుంచి వచ్చి ఇక్కడి రిచీ స్ట్రీట్‌లో ఫోన్లు, టీవీలు రిపేరు చేస్తాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం వాళ్లది. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయింది.

పాస్టరుగారు "చీకటిలోంచి వెలుగులోకి వచ్చిన సహోదరుడు" అని పరిచయం చేశారు. కుర్రాడు మైకు తీసుకుని, "మా అమ్మ చీకట్లో లేదయ్యగారూ. ఐదు పూటలా నమాజు చేస్తుంది. దేవుణ్ణి అడగడం నాకు నేర్పింది ఆమే" అన్నాడు. ఆమెన్ అనాలో వద్దో హాల్లో ఎవరికీ తోచలేదు. పాస్టరుగారే ముందు తేరుకుని ఒక పాట ఎత్తుకున్నారు.

మర్నాడు ఈ సంగతి ఆఫీసులో చెబితే మొదట వచ్చిన ప్రశ్న, "ఎంత ఇచ్చారట?"

మతం మారినవాడి కథ మన దగ్గర ఈ రెండు అచ్చుల్లోనే పడుతుంది. ఒకరికి అతను గెలుచుకొచ్చిన కప్పు, ఇంకొకరికి అమ్ముడుపోయిన సరుకు. తనంతట తాను ఆలోచించి ఉంటాడన్న ఊహ రెండు వైపులా కనపడదు.

నాకు మతాల చరిత్రకారుడు లామిన్ సానే గుర్తొచ్చాడు. 1942లో పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో ముస్లిం కుటుంబంలో పుట్టాడు, చిన్నప్పుడు ఖురాన్ బడిలో చదివాడు. తర్వాత అమెరికా చేరి యేల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసి 2019లో చనిపోయాడు. యేసు మీద ఆయనకు ఆసక్తి కలిగించింది ఖురానే. అందులో ఈసా ప్రవక్త ఉన్నాడు, మరియం పేరుతో ఒక అధ్యాయమే ఉంది. ఈసాను చంపలేదు, సిలువ వేయలేదు, వాళ్లకు అలా అనిపించిందంతే అని నాలుగో అధ్యాయం చెబుతుంది. మరి సిలువ మీద ఉన్నదెవరన్న ప్రశ్న చిన్న వయసు సానేను పట్టుకుని వదల్లేదు. బాప్తిస్మం ఇమ్మని వెళ్తే మెథడిస్టు (ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ) మిషనరీలు వెనకాడారు. కాథలిక్కులూ అంతే. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశంలో తగాదా ఎందుకని వాళ్ల భయం. ఎవరూ లాక్కోలేదు. ఆయనే తలుపు తట్టి నిలబడాల్సి వచ్చింది. చివరికి మెథడిస్టులే ఇచ్చారు, చాలా ఏళ్ల తర్వాత ఆయన కాథలిక్కు అయ్యాడు.

మారినవాడు పాత మతాన్ని తిట్టి తీరాలని మనవాళ్ల అంచనా కదా. సానే జీవితమంతా ఇస్లాం చరిత్ర చదివాడు. కత్తి పట్టకుండా పశ్చిమ ఆఫ్రికాలో ఇస్లాంను వ్యాపింపజేసిన జఖాంకె మతగురువుల గురించి గౌరవంతో రాశాడు.

ఆయన వాదాల్లో పేరుబడ్డది భాష గురించి. యేసు మాట్లాడింది అరామిక్, సువార్తలు మనకు దొరికింది గ్రీకులో. కాబట్టి క్రైస్తవం మొదటి నుంచీ అనువాదంలోనే, ఎవరి భాషలో వాళ్లకు అందుతూనే బతికిందంటాడు. మన కుర్రాడి మాట దీనికి దగ్గరగా ఉంటుంది. "అరబ్బీ గడగడా చదివేవాణ్ణి సార్, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు" అన్నాడొకసారి. నాకు మాత్రం ఈ వాదం మీద పూర్తి నమ్మకం లేదు. ఖురాన్‌కూ తెలుగు అనువాదాలున్నాయి. మొదటిది చేసింది చిలుకూరి నారాయణరావు, ఆయన ముస్లిం కూడా కాదు. పైగా మన తెలుగు బైబిల్లో ఉన్నది గ్రాంథికం. "యెహోవా సెలవిచ్చుచున్నాడు" అని రిచీ స్ట్రీట్‌లో ఎవరు మాట్లాడతారు?

నాకనిపించేది, మతం మారడానికి ఊరు దాటడం పెద్ద కారణం. ఊళ్లో మసీదుకు రాకపోతే సాయంత్రానికి చిన్నాన్న ఇంటికొచ్చి అడుగుతాడు. చెన్నై ట్రిప్లికేన్‌లో ఒంటరి మగవాళ్లు అద్దెకుండే మాన్షన్ గదిలో అడిగేవాడు లేడు. ఆ స్వేచ్ఛలో ఒంటరితనం కూడా ఉంటుంది. ఇతనికి డెంగీ వచ్చినప్పుడు పక్క బెడ్డువాడు ఈ చర్చి సంఘానికి వెళ్లే నెల్లూరు మనిషి. వాళ్ల ఇంటావిడ పది రోజులు మిరియాల చారు, అన్నం పంపింది.

ఇక్కడే కొన్ని రాష్ట్రాల్లో మతమార్పిడి నిరోధక చట్టం అడ్డొస్తుంది. ఆ చారు ప్రలోభమా? కర్ణాటక 2022లో తెచ్చిన చట్టం ప్రకారం కానుకే కాదు, మెరుగైన జీవితం చూపిస్తామన్న మాట కూడా ప్రలోభమే. మారేవాడు 30 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు చెప్పాలి, ఆ కబురు నోటీసు బోర్డుకెక్కుతుంది. దాన్ని రద్దు చేయాలని అక్కడి కేబినెట్ 2023 జూన్‌లో నిర్ణయించింది. తమిళనాడు 2002లో ఇలాంటి చట్టమే తెచ్చి 2004లో వెనక్కి తీసుకుంది. బలవంతపు మార్పిళ్లు లేవని నేననను, మోసం జరిగితే కేసు పెట్టాల్సిందే. కానీ కడపలో ఉన్న తల్లికి తానే నెమ్మదిగా చెప్పుకోవాల్సిన మాటను ముందు నోటీసు బోర్డు చెబితే ఏమవుతుందో ఆ చట్టం రాసినవాళ్లు ఆలోచించారా? రాజ్యాంగం 25వ అధికరణ అంతఃకరణ స్వేచ్ఛను పౌరులకని కాదు, వ్యక్తులందరికీ అంటుంది. మత ప్రచార హక్కు అంటే ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు అన్నది మార్చేవాడి సంగతి. తనంతట తాను మారేవాడి మనసుకు మేజిస్ట్రేటు సంతకం దేనికి?

ఇక లాభం లెక్క. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఆంధ్రాలో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. ముస్లిం కుటుంబం నుంచి వచ్చిన ఇతను అందులోకి రాడు. వలస వచ్చినవాడికి తమిళనాడులో ఆంధ్రా కుల సర్టిఫికెట్ ఎలాగూ పనికిరాదు. అతనికి పోయింది మాత్రం నాకు తెలుసు. చెల్లెలి పెళ్లికి పిలవలేదు. డబ్బు పంపితే నాన్న తిప్పి పంపాడు. అమ్మ మధ్యాహ్నం పక్కింటి ఫోన్‌లోంచి చేస్తుంది, తిన్నావా అని అడిగి పెట్టేస్తుంది.

ఈసారి రంజాన్‌లో ఒక సాయంత్రం అతని గదికి వెళ్తే స్టీలు టిఫిను డబ్బాలో నోంబు కంజి (ఉపవాసం విప్పే వేళ మసీదులో పంచే జావ) ఉంది. వీధి చివర మసీదు దగ్గర లైన్లో నిలబడి తెచ్చుకున్నాడట. నాకూ ఒక గ్లాసు పోశాడు. ఫోన్ మోగితే గ్లాసు కింద పెట్టి బాల్కనీలోకి వెళ్లాడు. "తిన్నానమ్మా, కంజి తాగుతున్నా" అనడం వినిపించింది. రోజూ కంటే ఆ రోజు ఎక్కువసేపే మాట్లాడాడు.