ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలట!

నా కంప్యూటర్‌లో గేమ్ ఆడుతూ జనం కిక్కిరిసిన వీధిలోకి వెళ్తే చాలు, లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ 100 శాతం పనితో రొప్పుతుంటుంది. తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం సగం పనితో తీరిగ్గా కూర్చుంటుంది. సరే, ప్రాసెసర్ మార్చేద్దామంటే అసలు తలనొప్పి అక్కడే మొదలు. కొత్తది పాత సాకెట్‌లో, అంటే ప్రాసెసర్ కూర్చునే గూట్లో పట్టదు, ఆ సాకెట్ ఉన్న ప్రధాన బోర్డు, అదే మదర్‌బోర్డు మార్చాలి. ఆ బోర్డుకేమో డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ (మెమరీ) కావాలి. నా పాత తరం డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులకీ వాటికీ 288 పిన్నులే, కానీ గాటు ఉన్న చోటు వేరు, దూరదు! ఇక బోర్డు మారితే పాత విండోస్ లైసెన్సు పనిచేస్తుందో లేదో అన్న టెన్షన్ సరేసరి.

పోనీ ఇదే సాకెట్‌లో పట్టే పాత తరం టాప్ చిప్పు సెకండ్ హ్యాండ్‌లో కొందామా? అందరి కళ్లూ దానిమీదే, ధర దిగదు. పైగా ముందు బయాస్, అంటే బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే గోవిందా! ఇవన్నీ తెలిసి కూడా రాత్రంతా ప్రాసెసర్ల వేగాన్ని కొలిచి పోల్చే బెంచ్‌మార్క్ వీడియోలు చూడ్డమేంటో నేను!