పులి గ్యారంటీనా అండీ?

చలి మొదలైందంటే చాలు, హైదరాబాదులో ప్రతి అపార్టుమెంటు లిఫ్టులోనూ ఒక పెద్దమనిషి నాగపూర్ చుట్టుపక్కల పులుల అడవుల గురించి ఈ ధర్మసందేహం బయటపెడతాడు. "తాడోబా బెటరా, పెంచ్ బెటరా? పులి ఎక్కడ గ్యారంటీ?"

న్యాయమైన ప్రశ్నే. మిక్సీకి రెండేళ్ళు గ్యారంటీ ఇచ్చే దేశంలో పులికి ఎందుకివ్వరు? ఆరుగురం కలిసి సఫారీకి జిప్సీ జీపు మాట్లాడుకుని, పళ్ళు కూడా తోముకోకుండా చీకటితో వస్తే, తాను మాత్రం పొదలో పడుకోవడం పులికి మర్యాదేనా?

సరే, పోల్చి చూద్దాం. మహారాష్ట్రలోని తాడోబా కోర్, అంటే అడవి నడిబొడ్డు, 625 చదరపు కిలోమీటర్ల టేకు, వెదురు. చంద్రపూర్‌లో రైలు దిగితే మొహర్లీ గేటు దగ్గర. కొలారా గేటు అదే అడవికి అవతలి కొసన ఉంది, నాగపూర్ నుంచి వచ్చేవాళ్ళకు వీలు. మనవాళ్ళు మొహర్లీలో రిసార్టు, కొలారాలో సఫారీ బుక్ చేస్తారు, రెండూ తాడోబాయే కదా అని. అడవి చుట్టూ కారు తిప్పుకుని చేరేసరికి వాళ్ళ జిప్సీ వాళ్ళు లేకుండానే పోయుంటుంది. మంగళవారం కోర్‌కి సెలవని తెలియక సోమవారం రాత్రి దిగే బ్యాచి వేరే. ఆకు రాలి, వాగులు ఎండి, జంతువులన్నీ నీటిగుంటలకు చేరేది ఏప్రిల్, మేలో. అప్పుడు వెళ్ళమంటే "అమ్మో, చంద్రపూర్ ఎండా!" అంటారు. డిసెంబరులో స్వెట్టరు తొడుక్కుని వెళ్ళి, పొగమంచు చూసి వస్తారు.

ఇక పెంచ్. హైదరాబాదు నుంచి నాగపూర్ మీదుగా పైకి పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ అడవిలోంచే వెళ్తుంది. జంతువులు దాటడానికి దాని కింద తొమ్మిది చోట్ల దారులు వదిలారు, పెద్దది 750 మీటర్లు. పులులు చక్కగా వాడుకుంటున్నాయి. మన హైదరాబాదులో సబ్‌వే మెట్లు దిగే మనిషిని చూపించండి చూద్దాం.

చిక్కేమిటంటే, ఈ అడవి రెండు రాష్ట్రాల సొత్తు. ఖుర్సాపార్ గేటు మహారాష్ట్రది, తురియా గేటు మధ్యప్రదేశ్‌ది. అడవి ఒకటే అయినా టికెట్టు వేరు, జిప్సీ వేరు, గైడు వేరు. తురియాలో బుధవారం సాయంత్రం సఫారీ లేదు. ఈ ఏర్పాట్లేవీ పులికి ఎవరూ చెప్పలేదు.

ఊహించుకోండి. ఖుర్సాపార్ వైపు పులి లేచింది. ఒళ్ళు విరుచుకుంది. నాలుగడుగులేసి హద్దు దాటింది. డ్రైవరు బ్రేకేశాడు. "పోనియ్యవయ్యా!" "నై సాబ్, ఉధర్ మధ్యప్రదేశ్." అవతల తురియా జిప్సీలో గుంటూరు కుటుంబం ఫొటోల మీద ఫొటోలు. ఇవతల కరీంనగర్ బావగారు సీటెక్కి, "అది మా పులండీ! మా టికెట్టు మీద లేచింది!" "లేస్తే మీ దగ్గర లేచిందేమో, నడిచింది మా దగ్గర!" పులి వెనక్కి వచ్చి సరిగ్గా హద్దు మీద కూలబడింది. తోక మహారాష్ట్రలో, మూతి మధ్యప్రదేశ్‌లో. కృష్ణా నీళ్ళ లెక్కన దీనికీ ఒక ట్రైబ్యునల్ వేయాల్సిందే. తోక వాటా ఎంతో తేలేలోపు పులికి మునిమనవలు పుడతారు.

ఈ రభసలో కణితి, అదే సాంబర్ దుప్పి, పులిని చూసి అరిచే అరుపు ఎవరికి వినబడుతుంది? ఇంజను ఆపి పది నిమిషాలు నోరు మూసుకుంటే పులి ఎటుందో అడవే చెబుతుంది. చుక్కల దుప్పి ఉత్త పుణ్యానికి కూడా బెదురుతుంది. కణితి అలా కాదు, అది పదేపదే అరిచిందంటే నమ్మొచ్చు. చెట్టు మీద కొండముచ్చు కూడా గొంతు కలిపిందా, ఇక అక్కణ్ణుంచి కదలకూడదు. కానీ మనవాడు చిప్స్ ప్యాకెట్టు చింపుతూ "అన్నీ జింకలేనా?" అంటాడు.

ఈ గ్యారంటీ యావ ఎక్కడిదాకా పోయిందో తెలియాలంటే పక్కనే ఉన్న ఉమ్రేడ్-కర్హాండ్లా అభయారణ్యం చూడండి. 2024 డిసెంబరు 31న ఎఫ్2 అనే ఆడపులిని, దాని ఐదు పిల్లల్ని జిప్సీలు రెండు వైపులా దారి మూసి నిలబెట్టేశాయి. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. డ్రైవర్లనూ గైడ్లనూ సస్పెండ్ చేశారు. మంచిదే. మరి వెనక సీట్లోంచి "ఇంకొంచెం ముందుకి, ఇంకొంచెం" అనేవాడి సంగతేమిటి? టిప్పు ఆశ చూపి ఉసిగొల్పేవాడెవడు? పిల్లల తల్లిని దారిలో నిలేసి మొహం మీద కెమెరా పెట్టడానికి సిగ్గుండక్కర్లేదా?

మహారాష్ట్ర అడవుల పులులే ప్రాణహిత దాటి మన కాగజ్‌నగర్ వైపూ వస్తాయి. 2024 జనవరిలో అక్కడే, విషం పెట్టిన పశువు కళేబరం తిని పులి చచ్చింది. జన్నారంలో కవ్వాల్ సఫారీ ఉంది కదా, అక్కడికి వెళ్ళండంటే "అక్కడ పులి కనిపించదటగా" అని మొహం చిట్లిస్తారు. బతకనిస్తే కదయ్యా కనిపించడానికి!

వెళ్ళేవాళ్ళు ఏప్రిల్ నెలాఖరులో, ఒకే గేటుకి, వరసగా నాలుగు సఫారీలు బుక్ చేసుకోండి. బస ఆ గేటు దగ్గరే చూసుకోండి. టికెట్టులో రాసిన గుర్తింపు కార్డు ఒరిజినల్ మరవకండి. అయినా గ్యారంటీయే కావాలంటే బహదూర్‌పురాలో నెహ్రూ జూ ఉంది. సోమవారం మాత్రం సెలవు.