విత్తనాల గదికి టికెట్ ఎవరు కొంటారు?

బొటానికల్ గార్డెన్లు టికెట్ల ఆదాయంతోనే బతకాలి, ప్రజల సొమ్ము ఇవ్వడం దండగ అంటూ ఒక వ్యాసకర్త రాసిన మాట నాకు మింగుడుపడలేదు. సందర్శకులు చూసేది పూలమడులనే. లోపల మైనస్ 20 డిగ్రీల్లో దాచిన విత్తనాలకు, కాగితానికి అంటించి ఊరు, తేదీ రాసిపెట్టిన ఎండుకొమ్మలకు టికెట్ ఎవరు కొంటారు?

ఎన్సెఫలార్టోస్ వుడియై అనే సైకాడ్ (ఈతచెట్టులా కనబడే ప్రాచీన జాతి మొక్క) సంగతే చూడండి. 1895లో దక్షిణాఫ్రికా అడవిలో ఒకే ఒక్క దుబ్బు కనబడింది, అదీ మగది. ఇప్పుడు అడవిలో అదీ లేదు. దాని పిలకలు ఉద్యానాల్లో పెరగబట్టే ఆ జాతి మిగిలింది. ఆడమొక్క లేక విత్తనం కట్టదు, అయినా నూరేళ్లకు పైగా తోటమాలులు దాన్ని సాకుతూనే ఉన్నారు. జీతాలు ఆగి ఒక్క వేసవి నీళ్లు పెట్టే మనిషి రాకపోతే, మరుసటి ఏడు ఎంత నిధులిచ్చినా ఎండిన మొక్క లేచిరాదు. బడ్జెట్‌లో ఏటా తప్పనిసరి వాటా ఉండాలనేది అందుకేనండీ.