పగటిపూట అందుబాటులో లేని నిరాశ్రయులు

ఒడిశాలోని మా బరంపురం నిరాశ్రయులలో నానాటికీ ముదిరిపోతున్న క్రమశిక్షణారాహిత్యాన్ని విద్యావంతుల దృష్టికి తీసుకురాక తప్పడం లేదు. కళాశాల విద్యార్థులు సేవాభావంతో పొంగిపొరలుతూ, ఫ్లెక్సీ చుట్టను చంకన పెట్టుకుని, ఉదయం పదకొండు గంటలకు వసతి కేంద్రం గుమ్మం తొక్కేసరికి అక్కడ నిరాశ్రయులే ఉండటం లేదు. ఒకతను రిక్షా తొక్కడానికి పోయి ఉంటాడు, ఒకతను బడా బజారులో బస్తాలు మోస్తూ ఉంటాడు, ఒకావిడ హోటల్లో అంట్లు తోముతూ ఉంటుంది. సేవ చేయించుకోవలసిన మనుషులే పొట్టకూటి సాకుతో ఇలా తప్పించుకు తిరిగితే ఇక ఈ దేశంలో సేవ సాగేదెలా?

తప్పు కొంతవరకు ప్రభుత్వానిది కూడా. చలికి జనం రోడ్ల మీద చచ్చిపోతున్నారని 2010లో సుప్రీంకోర్టు గట్టిగా మందలించిన తరువాత, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఈ కేంద్రాలకు నియమాలు రాసింది. లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటు ఉండాలనీ, మనిషికి సుమారు 50 చదరపు అడుగుల జాగా ఇవ్వాలనీ, తలుపులు 24 గంటలూ తెరిచి ఉంచాలనీ అందులో ఉంది. పట్టణాలలో ఇల్లు లేనివారు 9.38 లక్షల మంది అని 2011 జనగణన తేల్చింది కాబట్టి ఆ శ్రద్ధను అర్థం చేసుకోవచ్చు. అయితే ఇన్ని రాసిన అధికారులు, లబ్ధిదారులు పదకొండు నుంచి పన్నెండున్నర వరకు తలదువ్వుకోకుండా ఫొటోకు సిద్ధంగా ఉండవలెనన్న ఒక్క ముక్క రాయడం మరిచిపోయారు.

ఈ విద్యార్థులు చేరే, 1969లో పుట్టిన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) బ్యాడ్జీ మీద మన కోణార్క రథచక్రమే ఉంటుంది. ఆ చక్రానికి ఉన్న ఎనిమిది ఆకులు రోజులోని 24 గంటలకు గుర్తు; ధరించినవాడు ఏ వేళనైనా సేవకు సిద్ధమని అర్థం. ఏడాదికి 120 గంటల సేవ లెక్క చూపించాలి. ఆ లెక్కలో ఫ్లెక్సీ అచ్చు వేయించిన గంట, బస్సు కోసం నిలబడిన గంట, దారిలో ఉప్మా తిన్న గంట కూడా కలుస్తాయి. ఎనిమిది ఆకులలో ఏడు ఇలా దారిలోనే తిరిగిపోతాయి.

ఇటీవల జరిగిన ఒక కార్యక్రమాన్ని ఆదర్శంగా చెప్పుకోవచ్చు. ముందురోజే కబురు రావడంతో కేర్‌టేకర్ తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడి, పనిలోకి పోయేవాళ్లను బతిమాలి ఆపాడు. మే నెల ఎండ కనుక విద్యార్థులు ఉన్ని రగ్గులు తెచ్చారు. మామ్మ ఒకావిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే రగ్గును ఇరవై చేతులతో పట్టుకుని ఆవిడకు అందించారు. పొట్టివాళ్లు వెనుక పడ్డారని మళ్లీ అందించారు. ఫ్లెక్సీలో ప్రిన్సిపాల్ గారి ముఖం మీద ముడత పడిందని మళ్లీ అందించారు. ఆవిడకు ఏం తోచిందో నవ్వింది. “నవ్వకు మామ్మా, కాస్త దిగులుగా ఉండు” అని ఒకమ్మాయి ఎంతో మర్యాదగా సర్దిచెప్పింది. సోంపేట వైపు నుంచి వచ్చిన ఆ మామ్మ చివరికి “ఇంకెన్నిసార్లు అందుకోమంతారు బాబూ, సెయ్యి నొప్పెడతంది” అని సణిగినా, దానిని కృతజ్ఞతగా భావించి వీడియో తీశారు. తరువాత రగ్గు సంచి జిప్పు తెరవకుండానే వెనక్కి తీసుకున్నారు. మధ్యాహ్నం బ్యాచికి కూడా అదే రగ్గు కావాలి.

ఈ స్థాయి శ్రమకు తగిన గుర్తింపు ఉండాలి కనుక, ప్రతి కేంద్రంలోనూ ‘అధికారిక గ్రహీత’ అనే ఉద్యోగాన్ని సృష్టించాలని మనవి చేస్తున్నాను. చేతులు జోడిస్తే ఒక రేటు, కన్నీరు పెడితే మరొక రేటు, విద్యార్థి తలమీద చేయి వేసి దీవిస్తే డబుల్ రేటు నిర్ణయించవచ్చు. పెద్దవాళ్లకు బోనసు ఇవ్వవచ్చు.

నవ్వులాటకు అంటున్నానా? ఆ పూట గేటు దగ్గర ఆగిపోయిన హమాలీకి ఆ రోజు కూలి పోయింది. దానికి బదులు అతనికి ఒక బన్ను, ఒక అరటిపండు దక్కాయి. మరొకతను సూరత్ మగ్గాల పని పోయి, ఆ సంగతి ఊరికి చెప్పుకోలేక ఇక్కడ పడుకుంటున్నాడు. బన్ను పట్టుకున్న అతని ఫొటో ఒక్క పూటలో మా గంజాం జిల్లా అంతా తిరిగి అతని ఊరి వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. అతన్ని అడిగారా? మీ ఇంట్లో వాళ్ల ముఖాలు ఇలా ఊరి మీదికి వదులుతారా? ఎవడిచ్చాడు మీకు ఆ హక్కు?

మనుషులు అక్కడ ఉండేది రాత్రి ఎనిమిది దాటాక. వాళ్లకు కావలసింది రగ్గు కాదు, కాగితం. చిరునామా లేనివాళ్లకు గుర్తింపు పొందిన వసతి కేంద్రం అధిపతి నిర్ణీత నమూనాలో సంతకం చేసి ఇస్తే ఆధార్ నమోదుకు చెల్లుతుంది. ఆధార్ ఉంటే రేషనుకు, పింఛనుకు కనీసం అర్జీ అయినా పెట్టుకోవచ్చు. ఆ కాగితం నింపే చేయి లేదు, నమోదు కేంద్రం దాకా వెంట వెళ్లే తోడు లేదు. ఇచ్ఛాపురం అవతల పుట్టిన మామ్మకు ఒడియా అక్షరం రాదు, కార్యాలయంలో బల్ల వెనుక కూర్చున్న ఆయనకు తెలుగు రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న మన బరంపురం పిల్లల కంటే ఆ పనికి తగినవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఎంకేసీజీ ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం ఆవిడ బదులు వరుసలో నిలబడితే చాలు, ఆ రోజంతా సేవ కిందే లెక్క. అయితే ఆ వరుసలో ఫ్లెక్సీ కట్టడానికి గోడ దొరకదు, ఆధార్ ఫారం నింపుతున్న వీపు ఫొటోలో బాగుండదు. కాబట్టి ఎవరూ రారు.

వచ్చే వారం మరొక కళాశాల వస్తున్నదట. ఉదయం పదిన్నరకు వృద్ధులు ఇరవైమందిని, వీలైతే తెల్లజుట్టు ఉన్నవారిని, వరుసగా కూర్చోబెట్టవలసిందిగా లేఖ పంపారు. ఆ వేళకు కేంద్రంలో తనూ వంటమనిషీ తప్ప ఎవరూ ఉండరని కేర్‌టేకర్ ఫోన్‌లో చెప్పాడు. పరవాలేదనీ, ఆ నాలుగు రోజులు గడ్డం గీసుకోకుండా ఉండమనీ అటునుంచి జవాబు వచ్చింది.